తూకపు ముల్లు కదలని దినములు

ధ్యానభాగములు: నిర్గమకాండము 23:29, 30, మత్తయి 19:27–20:16, యాకోబు 5:7, 8



కడచిన సంవత్సరము ఎండకాలములో ఒక ఆదివారము, ఆరాధన ముగిసి అందరును వెళ్లిపోయిన పిమ్మట, మన సంఘపు సహోదరి ఒకామె గుడి మెట్ల మీద కూర్చుండి యుండెను. ఆమెకు చక్కెర వ్యాధియు మోకాళ్ల నొప్పియు ఉన్నవి. బరువు తగ్గవలెనని డాక్టరుగారు చెప్పగా అన్నము చాలవరకు తగ్గించి, కూరలు, గ్రుడ్లు, మజ్జిగతో కడుపు నింపుకొనుచుండెను.

"అయ్యగారండీ, మొదటి పదిహేను రోజుల్లో మూడు కిలోలు తగ్గానండి. ఆ తర్వాత రెండు నెలలైంది, కాటా మీద ముల్లు అక్కడే నిలబడిపోయింది. ఇంట్లో అందరికీ అన్నం వడ్డించి నేను చూస్తూ కూర్చుంటున్నాను. నా ప్రార్థనలో ఏమైనా లోపముందంటారా?" అని కన్నీళ్లు పెట్టుకొనెను.

"ఓర్చుకోవాలమ్మా, ప్రభువు చూచుకుంటాడు" అని చెప్పితిని. చెప్పి, గుడికి తాళము వేసికొని, ఇంటికి పోయి భోజనము చేసితిని. ఆ దినమున మా యింట కోడికూర. మూడుసార్లు అన్నము పెట్టించుకొంటిని. నేను చెప్పిన మాట వాక్యానుసారమైనదే. అయితే ఆ మాటకు నేను చెల్లించిన వెల ఏమియు లేదు.

ఎనిమిది నెలలు గడచెను. నాకును రక్తములో చక్కెర హెచ్చుగా ఉన్నదని తేలెను. ఎనుబది నాలుగు కిలోల మనిషిని. అన్నము తగ్గించుమని నాకును చెప్పిరి. ఆ మెట్ల మీద కూర్చున్న సహోదరి దుఃఖము అప్పుడుగాని నాకు అర్థము కాలేదు. అన్నము తగ్గించుట కష్టమే. తగ్గించిన పిమ్మట ఫలము కనబడకుండుట అంతకంటె కష్టము.

అన్నమనగా మనకు ఒక ఆహారపదార్థము మాత్రమే అనుకొనువారు మన చరిత్ర ఎరుగనివారు. 1876–78 సంవత్సరముల మహాకరువులో ఒంగోలు ప్రాంతమున జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకము కాంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్న జనులకు కూలి దొరకునట్లు చేసిరి. మన తెలుగు సంఘములలో అనేకములు ఆ కరువు దినములలో పుట్టి పెరిగినవే. ఆ తరువాత కూడ చాలకాలము మన పెద్దలకు దినభోజనము జొన్న సంకటి, అంబలి. వరియన్నము పండుగనాటి మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పుడు మా యింట మా అమ్మమ్మ కన్నీళ్లతో స్తోత్రము చెల్లించెనని మా అమ్మ చెప్పుచుండెడిది. అట్టి అన్నమును "వద్దు" అని ప్రక్కకు నెట్టునప్పుడు మనస్సులో ఏదో అపరాధము చేసినట్లుండును. ఇది కృతఘ్నత కాదా అని కొందరు నన్ను అడిగిరి.

దేవుడు కలుగజేసిన ప్రతి ఆహారమును మంచిదేననియు, కృతజ్ఞతతో పుచ్చుకొనవలెననియు పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 4:4). నేనును ఆ మాటనే పట్టుకొందును. అన్నము పాపము కాదు. కాని మంచిదైన దానిని సయితము ఒకని శరీరము ఇంతవరకే మోయగలదు. మితముగా తినువాడు దాతను అవమానపరచుట లేదు. ఈ సంగతి తేల్చుకొనక నియమము మొదలుపెట్టినవాడు రెండు వారములలో దానిని విడిచిపెట్టును, నేను చూచితిని.

ఇక ఆ ముల్లు ఎందుకు నిలిచిపోవును? ఇది తెలిసికొనుట ఓర్పునకు చాల సహాయము. మనము తిను పిండిపదార్థములో కొంత భాగమును శరీరము గ్లైకోజెన్ అను రూపమున కాలేయములోను కండలలోను దాచుకొనును. అది అంతయు కలిసి సుమారు అర కిలో. దాని ప్రతి గ్రాముతోను మూడు గ్రాముల నీరు నిలిచియుండును. అన్నము తగ్గించగానే ఈ నిలువ ఖర్చగును, నీరు పోవును. మొదటి పక్షములో తగ్గిన కిలోలలో చాలభాగము ఈ నీరే. మన సహోదరి దానిని కొవ్వు అనుకొని, ఆ వేగమే ఎల్లకాలమును ఉండునని ఎదురుచూచెను.

కొవ్వు లెక్క వేరు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుండును. నూటయాభై గ్రాముల బియ్యము మానినయెడల దినమునకు 525 కేలరీలు తగ్గునని చెప్పవచ్చును. అయితే దానికి బదులు రెండు గ్రుడ్లు, కూరలో మరికొంత నూనె చేరినచో 250 తిరిగి వచ్చును. పెద్ద చెంచాడు నూనెలోనే 120 ఉండును. మిగిలిన లోటు 275. ఆ లెక్కన ఒక కిలో కొవ్వు కరుగుటకు ఇరువది యెనిమిది దినములు. ఇంతలో ఒకనాడు ఊరగాయ ఎక్కువ తినినయెడల ఉప్పు నీటిని పట్టియుంచి కాటా మీద ఒక కిలో పెరిగినట్లు చూపును. నెలంతయు పడిన శ్రమ ఒక్క ఊరగాయ బద్ద చాటున దాగిపోవును! అందుచేత దినదినము కాటా ఎక్కవద్దని నా సలహా. నెలకొకసారి ఎక్కుడి, దానితోపాటు ఒక దారముతో నడుము కొలుచుకొనుడి. మన దేశపు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటిమీటర్లు మించకుండుట మంచిదని వైద్యులు చెప్పుదురు.

మానసికముగా ఈ కాలములో జరుగు సంగతి ఇంకొకటి ఉన్నది. మనిషి బేరమాడ మొదలుపెట్టును. "నేను ఇంత విడిచిపెట్టితిని, నాకేమి దొరకును?" పేతురు ప్రభువు నడిగిన ప్రశ్న యిట్టిదే. ప్రభువు అతనిని గద్దింపలేదు. విడిచినవానికి దొరకునది ఉన్నదని చెప్పెను. వెంటనే ద్రాక్షతోట కూలివారి ఉపమానము చెప్పెను. ప్రొద్దుననుండి ఎండలో పనిచేసినవారికి సాయంకాలము కోపము వచ్చినది కూలి తక్కువైనందున కాదు గదా; ఒప్పుకొన్న దేనారమే దొరికెను. వారి కన్ను ప్రక్కవాని చేతి మీద పడెను. మన సహోదరికి కూడ ఫోనులో ఎవరో నెలకు పది కిలోలు తగ్గినట్లు చూపిరట. అంతవరకు తనకు తగ్గిన మూడు కిలోలు ఆమెకు సంతోషమే. ఆ దినము మొదలుకొని అవి అవమానమాయెను.

ఈ విషయమున నాకు మిక్కిలి ఆదరణ యిచ్చినది నిర్గమకాండములోని మాట. కనాను దేశపు జనులను ఒక్క సంవత్సరములో వెళ్లగొట్టననియు, అట్లు చేసినయెడల దేశము పాడై అడవి మృగములు విస్తరించుననియు, ఇశ్రాయేలీయులు వృద్ధిపొందు కొలది కొంచెము కొంచెముగా వెళ్లగొట్టెదననియు దేవుడు చెప్పెను. ఆయనకు శక్తి లేక ఆలస్యము చేయలేదు. ఖాళీయైన నేలను కాపాడుకొనుటకు జనులు ఇంకను చాలరు. నా సంగతి చూచుకొంటిని. ఒక నెలలోనే నా బరువు దిగిపోయినయెడల నేను మరునెల ఏమి చేసియుందును? పెండ్లి విందులో కూర్చుండి, "పని అయిపోయినది" అని పాత పళ్లెమునే పట్టుకొనియుందును. ఆలస్యమైన ఈ నెలలలో నేను నేర్చుకొన్నవి కొన్ని ఉన్నవి: ముందు కూర తిని తరువాత అన్నము పెట్టించుకొనుట, ఇండ్ల దర్శనమునకు పోయినచోట రెండవ కప్పు టీ వద్దనుట, ఆకలికిని విసుగుకును భేదము తెలిసికొనుట. ఆ నేలలో ఇప్పుడు కాపురమున్నారు.

ఈ నియమము క్రొత్తదనుకొనవద్దు. లండను పట్టణములో విలియం బాంటింగు అను ఆయన ఉండెను. ఆయన వృత్తి గొప్పవారి అంత్యక్రియల ఏర్పాట్లు చేయుట. స్థూలకాయము తగ్గించుకొనవలెనని ఇరువది యేండ్లు తంటాలు పడెను. పడవ నడిపెను; బలము వచ్చెను గాని దానితో ఆకలియు పెరిగెను. చివరకు చెవుడు కొరకు వైద్యునియొద్దకు పోగా ఆయన రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు మొదలగునవి మానుమనెను. 1862 ఆగస్టులో 202 పౌనులున్న ఆ అరువదియారేండ్ల మనిషి 1863 సెప్టెంబరుకు 156 పౌనులకు వచ్చెను. లెక్కించి చూడుడి: వారమునకు ఒక పౌను కూడ లేదు. ఆయన తన అనుభవమును చిన్న పుస్తకముగా అచ్చువేయించి మొదట ఉచితముగా పంచిపెట్టెను. (ఆయన భోజనపు పట్టికలో ద్రాక్షమద్యము కూడ ఉండెను. దానిని మాత్రము మన సంఘస్థులు అనుసరింప నవసరము లేదు.)

ఓర్పు అని మన బైబిలులో ఉన్నచోట గ్రీకు మాటకు "క్రింద నిలిచియుండుట" అని అర్థమని సెమినారీలో మా గురువుగారు చెప్పిరి. బరువు క్రింద నిలుచుట! అప్పుడు పరీక్ష కొరకు వ్రాసికొంటిని. నిలుచుటయనగా కన్నులు మూసికొనుట కాదు. యాకోబు చెప్పిన వ్యవసాయకుడు వర్షము కొరకు కనిపెట్టును గాని గట్టు తెగినప్పుడు కూర్చుండడు. నాట్లు వేసిన పిమ్మట మూన తిరుగువరకు మడి పసుపుబారి, చచ్చినట్లే కనబడును. దానిని చూచి బెదరి ఏ రైతును మొక్క పీకి చూడడు. కాని నెల దాటినను పచ్చబడకున్న మడిలో దిగి చూచును. ఆలాగే మూడు నెలలైనను ముల్లును దారమును రెండును కదలకున్న యెడల పళ్లెములోనికి చూడవలెను. అన్నము మాని రాగి సంకటి కడుపునిండ తినుచు "పిండిపదార్థము మానితిమి" అనువారు మనలో కలరు. రాగులలోను కొర్రలలోను మంచి గుణములు ఉన్నవి గాని పిండిపదార్థము బియ్యముకంటె మరీ తక్కువేమియు కాదు.

ఇన్సులిను గాని చక్కెర తగ్గించు మాత్రలు గాని వాడువారు డాక్టరునకు చెప్పకుండ అన్నము ఒక్కసారిగా తగ్గించినచో చక్కెర మరీ పడిపోయి స్పృహ తప్పవచ్చును. ప్రాణాపాయము కూడ కలదు. దీనిని విశ్వాసమునకు పరీక్షగా చేయవద్దు. ముందు డాక్టరును అడుగుడి.

మరియొక సంగతి. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 609 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి పిండిపదార్థమును, రెండవవారికి కొవ్వును తగ్గించి యిచ్చి ఒక సంవత్సరము చూచిరి. సగటున మొదటివారు ఆరు కిలోలు, రెండవవారు 5.3 కిలోలు తగ్గిరి; చెప్పదగిన భేదము లేదు. ఒక్కొక్క భాగములోనే కొందరు చాల తగ్గిరి, కొందరు పెరిగిరి. కాబట్టి అన్నము తగ్గించినవాడు తినువానిని తృణీకరింపరాదు. తినువాడు తగ్గించినవానిని ఎగతాళి చేయరాదు. రోమా పత్రిక పదునాల్గవ అధ్యాయము మన వంటిండ్లకును చెల్లును.

పది నెలలలో నేను ఐదు కిలోలు తగ్గితిని. నెలకు అర కిలో! మధ్యలో ఒకసారి తొమ్మిది వారములు ఏమియు కదలలేదు. ఆ తొమ్మిది వారములలోనే ఆ సహోదరి యింటికి పోయి, గుడి మెట్ల మీద తొందరపాటుగా మాటలాడినందుకు క్షమింపుమని అడిగితిని. ఆమె నవ్వి, "అయ్యగారికి కూడా ముల్లు ఆగిందన్నమాట" అనెను. ఆమె ఇప్పటికి తొమ్మిది కిలోలు తగ్గినది. గుడికి దారిలో రెండుచోట్ల కూర్చుండెడి మనిషి ఇప్పుడు ఎక్కడను ఆగుట లేదు.

వచ్చు నెల కోతపండుగ విందులో అన్నముతోపాటు ఉడికించిన గ్రుడ్లు, ఆకుకూర పప్పు, పలుచని మజ్జిగ కూడ పెట్టుటకు స్త్రీల సమాజమువారు ఒప్పుకొనిరి. ఆ సహోదరి తమ మడిలో పండిన క్రొత్త బియ్యము ఒక కుంచెడు కానుకగా తెచ్చెదనని చెప్పినది. విందులో నీవెంత తినెదవమ్మా అని అడిగితిని.

"రెండు గరిటెలండి, అయ్యగారూ. కొత్త బియ్యం కదా" అనెను.