సగం పాట, పూర్తి మాట

ఎక్కువమందిని చేరాలంటే మాట తగ్గించుకోవాలి. మాట తగ్గించుకోనంటే కొద్దిమందితో సరిపెట్టుకోవాలి. ఈ చిక్కులో పడిన కళాకారుడు దేనిని ఎన్నుకోవాలి? అమెరికాకు చెందిన నల్లజాతి జాజ్ సంగీతకారుడు చార్లెస్ మింగస్ రచన వొకటి ఈ ప్రశ్నను సూటిగా మన ముందు నిలబెడుతుంది.

1957లో ఆర్కాన్సా రాష్ట్రం లిటిల్ రాక్ నగరంలో, సెంట్రల్ హైస్కూల్లో చేరబోయిన తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులను అడ్డుకొనడానికి గవర్నర్ ఆర్వల్ ఫాబస్ నేషనల్ గార్డు దళాన్ని దింపాడు. అతన్ని వెక్కిరిస్తూ మింగస్ ‘ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్’ కట్టాడు. 1959లో కొలంబియా కంపెనీ ‘మింగస్ ఆ అమ్’ రికార్డులో దాన్ని వెలువరించింది. అందులో వాద్యాలే వున్నాయి, మాటలు లేవు. కంపెనీ ఒప్పుకోలేదని చాలామంది అంటారు. మాటలు తర్వాతే చేరాయనే వాదమూ వున్నది. 1960లో కాండిడ్ అనే చిన్న సంస్థ కోసం మింగస్ దాన్ని మళ్లీ రికార్డు చేశాడు. ఈసారి మింగస్ ప్రశ్నిస్తాడు, డ్రమ్ములు వాయించే డానీ రిచ్‌మండ్ జవాబిస్తాడు. ఇద్దరూ గవర్నరును పేరు పెట్టి ఎగతాళి చేస్తారు.

సంగీతానికి నాదమే చాలదా అనేవారున్నారు. బాణీలోనే వెటకారం వున్న మాట నిజమే. కాని శీర్షిక చూడని శ్రోత, వర్ణవివక్షను సమర్థించేవాడు సైతం, దానికి తల వూపి ఆనందించవచ్చు. పేరు వినబడిన తర్వాత ఆ నిశ్చింత వుండదు.

అయితే ధైర్యం వొక్కటే చాలదు. 1952లో మింగస్, మాక్స్ రోచ్ కలిసి డెబ్యూ అనే సొంత రికార్డు సంస్థ పెట్టారు. అది కొన్నేళ్లకే ఆగిపోయింది. కాండిడ్ కూడా ఎక్కువకాలం నిలవలేదు; దాని రికార్డుల హక్కులు చేతులు మారాయి. పాట కట్టినవాడు వొకడు, దాన్ని జనానికి చేర్చే సాధనాలు మరొకరివి. ఈ సంగతి మరచి, రాజీపడ్డావా అని కళాకారుణ్ణి మాత్రమే నిలదీయడం అన్యాయం.

అలాగని రాజీలన్నీ వొకటి కావు. సగాన్నే సంపూర్ణ సత్యంగా చలామణీ చేసేవాడు వేరు. మిగిలిన సగాన్ని తన మీద అప్పుగా భావించేవాడు వేరు. పై వాదాలలో ఏది నిజమైనా, 1959 నాటి లోటును మింగస్ మరుసటి యేడాదే తీర్చాడు. పాఠం చెప్పే ఉపాధ్యాయుడూ, పత్రికకు రాసే రచయితా వేసుకోవలసిన లెక్క కూడా యిదే: నేడు ఏ మాట వదిలాము, దాన్ని ఎప్పుడు, ఎక్కడ చెప్పబోతున్నాము?