తోటివాడు

రాయగడ నుంచి కటక్ పెద్దాసుపత్రికి వెళ్ళినవాడికి వరండాలో ఒక తెలుగు మాట వినిపిస్తే ప్రాణం లేచివస్తుంది. పలికినవారెవరో తెలియకపోయినా సగం భయం తగ్గుతుంది. జబ్బుకూ అలాంటి భాష ఒకటుంది.

పాతికేళ్ళ కుర్రవాడికి క్యాన్సర్ వస్తే చుట్టూ మనుషులకు కొదవ లేదు. అమ్మ ఏడుస్తుందని ఆమె ఎదుట తాను ఏడవడు. స్నేహితుల కబుర్లన్నీ ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు. పక్క మంచంమీద ఉన్నాయన తండ్రి వయసువాడు. ‘నాకు పిల్లలు పుడతారా?’ అన్న ప్రశ్నకు జవాబు డాక్టరే చెప్పాలి, అదీ చికిత్స మొదలుకాకముందే. కాని అడిగే ధైర్యం ఇచ్చేది, అంతకుముందు అడిగిన తోటివాడే. 15 నుంచి 39 ఏళ్ళ రోగుల అవసరాలు వేరని వైద్యులూ అంటున్నారు.

చిన్నతనంలో క్యాన్సర్‌ను గెలిచిన యువతీయువకులు 2009లో ఇండియన్ క్యాన్సర్ సొసైటీ అండతో ‘ఉగమ్’ అనే బృందంగా ఏర్పడ్డారు. మన కొరాపుట్ కొండల్లో అలా గెలిచినవారు లేరా? ఉంటారు. సంబంధాలు తప్పిపోతాయని ఇంటివాళ్ళు దాచి ఉంచుతారు.

ఆ దాపరికం తప్పా? బతికి బయటపడ్డవాణ్ణి నీ కథ చెప్పమని శాసించే హక్కు మనకు లేదు. అతని మౌనం వల్ల తరువాతివాడు ఒంటరి అవుతున్న మాటా నిజమే. తప్పు వారిద్దరిదీ కాదు. అంటువ్యాధి కాదని తెలిసీ గ్లాసు వేరుగా పెట్టే మనది.

ఆ గ్లాసు మనం తీసేసిననాడు, విశాఖ వెళ్ళే రైలులో ఒకడు పక్కవాణ్ణి ‘నీకిది ఎన్నో కీమో?’ అని మామూలుగా అడగగలుగుతాడు.