కిటికీ ఖరీదు

కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఉంటూ ఇంటినుంచే పనిచేస్తాను. బిల్డ్ అయ్యేలోపు కిటికీలోంచి చూస్తే నీళ్లలో వెల్లకిలా తేలే సీ ఆటర్లు. హైదరాబాద్ ఫ్రెండ్స్ "అదృష్టవంతుడివిరా" అంటారు. కాదనను.

ఇదే కౌంటీ ఉత్తరపు అంచున పహారో అనే ఊరుంది (స్పానిష్‌లో పిట్ట అని, మన పహారా కాదు). స్ట్రాబెర్రీ తోటల కూలీలు ఉండే చోటు. 2023 మార్చిలో నది గట్టు తెగి ఊరు మునిగింది. గట్టు బలహీనమని ఆర్మీ ఇంజనీర్లకు 1960ల నుంచే తెలుసు. బాగుచెయ్యడానికి ఖర్చు, లాభం లెక్కేస్తే లాభం చాల్లేదు. ముంపు తప్పితే మిగిలేవి చవక ఇళ్లు కదా!

సముద్రం కనబడుతుందని నేను అద్దె ఎక్కువిస్తున్నాను. అంటే ఈ వీధి ఖరీదు పెంచేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఖరీదున్న చోటికే గట్లు ముందొస్తాయి. ఆ ఫార్ములాని తిట్టేద్దామంటే, నేను రోజూ రాసేదీ అలాంటి కోడే. కూడికలో తప్పుండదు. ప్రాణానికి బదులు ఇంటి ధరని ఇన్‌పుట్‌గా ఇచ్చింది మనిషే.

ఇల్లు ఖాళీ చేసి పోతే పహారోకి ఒరిగేదేం లేదు, ఇంకొకరు దిగుతారు. అందుకని ఉంటున్నాను. కానీ ఫ్రెండ్స్ ఆ మాట అన్నప్పుడు ఇదివరకులా నవ్వలేకపోతున్నాను.