ఇచ్చేటప్పుడు మన కళ్ళు ఎక్కడున్నాయి?

భగవద్గీత 17వ అధ్యాయంలో శ్రీకృష్ణుడు దానాన్ని మూడు రకాలుగా విడదీసి చెప్తాడు. చాలాసార్లు చదివాను. అర్థమైంది మాత్రం ఒక క్రైస్తవ బృందంతో గడిపిన ఒక్క రోజులో.

నాది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా టీమ్‌లో ఒక క్రైస్తవ ఫ్రెండ్ ఉన్నాడు. వాళ్ళ చర్చి వాళ్ళు నంద్యాల జిల్లా సంజామల మండలంలోని ఒక ఊళ్ళో మెడికల్ క్యాంప్ పెడుతున్నారు. "పేర్లు రాసుకోవడానికి మనిషి కావాలి, వస్తావారా?" అన్నాడు. సరే అన్నాను. నిజం చెప్పాలంటే, సేవ కోసం కాదు. "మందులిచ్చి మతం మారుస్తారేమో, చూద్దాం" అని నిఘా కోసం వెళ్ళాను.

శనగ కోతల కాలం. చేలకు పోయినవాళ్ళు మధ్యాహ్నం తిరిగొచ్చాకే రచ్చకట్ట దగ్గర జనం చేరారు. పొద్దున ఆ బృందం తమలో తాము ప్రార్థన చేసుకుంది. తర్వాత చీకటి పడేదాకా బీపీ, షుగర్, మాత్రలు, అంతే. నేను రాసిన చీటీల్లో పేరు, వయసు, జబ్బు తప్ప మతం అనే గడి లేదు.

ఒక అవ్వ వచ్చింది. షుగర్ వల్ల కాలి పుండు మానలేదు. నా ఫ్రెండ్ నేల మీద కూర్చుని ఆ పుండు కడగడం మొదలుపెట్టాడు. నేను వెంటనే ఫోన్ తీశాను. మన చానల్‌కి మంచి ఫోటో అవుతుందని! అవ్వ చీర కుచ్చిళ్ళు కాళ్ళ మీదికి లాక్కుంది. "పుండును యాడన్నా ఫోటో తీస్తారా నాయనా?" అంది.

నా ఫ్రెండ్ ఏమీ అనలేదు. నీళ్ళ చెంబు నా చేతికిచ్చాడు.

ఇప్పుడు గీత దగ్గరికి వద్దాం. ఇవ్వడం నా ధర్మం అనుకుని, తిరిగి ఏమీ చేయలేనివాళ్ళకి, తగిన చోట, తగిన సమయంలో ఇచ్చేది సాత్త్విక దానం. బదులుగా ఏదో వస్తుందని ఇచ్చేది రాజసం. గౌరవం లేకుండా, చిన్నచూపుతో ఇచ్చేది తామసం. ఇచ్చేవాడి మతం ఏమిటని ఆ కొలతలో లేదు. ఎదుటివాళ్ళ ఉద్దేశం కనిపెట్టడానికి వెళ్ళిన నేను, ఆ కొలతతో చూస్తే ఎక్కడున్నాను? చేతిలో ఫోనుతో, లైకుల లెక్కలో.

ఒక మాట సూటిగా చెప్తాను. మందు ఇచ్చి "మా దేవుణ్ణి నమ్ము" అంటే అది దానం కాదు, బేరం. అన్నం పెట్టి "మా వీడియోలో కనపడు" అన్నా బేరమే.

కట్టు కట్టించుకుంటూ అవ్వ చెప్పింది, తను పుట్టింది జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలోనట. లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన డాక్టర్ క్యాంప్‌బెల్ పేరు మీద ఉన్న ఆసుపత్రి అది. "అయినా మా ఇలవేల్పు అహోబిలం నరసింహస్వామే నాయనా" అని నవ్వింది. సాయం తీసుకున్నందుకు ఆమె భక్తి ఏమీ తరగలేదు. భయమంతా నాదే.

ఈ సీమలోనే అవధూత కాశినాయన తిరిగారు. పాత గుళ్ళు బాగుచేయించి, వాటి దగ్గర అన్నదానం మొదలుపెట్టించారు. 1995లో ఆయన సమాధి అయ్యారు, పొయ్యి మాత్రం ఆరలేదు. ఆకలితో వచ్చినవాడికి ముందు విస్తరి వేయడం మనకి ఎవరో కొత్తగా నేర్పాల్సిన పని కాదు. మనం మర్చిపోయిన పని.

బయల్దేరేముందు అవ్వ మాత్రల కవరు చూపించి, "ఇవి నెలకే కదా, ఆ పైన?" అంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. నెల తిరిగేలోపు నేనూ నా ఫ్రెండూ మాత్రలు తీసుకుని మళ్ళీ వెళ్ళాం. ఊరి ఏఎన్ఎం గారిని కలిసి, అవ్వ పేరు వాళ్ళ రిజిస్టర్‌లో రాయించాం. ఈసారి ఫోటో లేదు. అందుకే ఈ పోస్టుకీ ఫోటో లేదు.

ఈ నెల మీరూ ఒక్క రోజు ఎక్కడికైనా వెళ్ళండి. ఫోన్ బ్యాగులో పెట్టండి. చెంబు చేతిలోకి తీసుకోండి. రెండోసారి కూడా వెళ్ళండి, అసలు సేవ అక్కడే మొదలవుతుంది.

జై శ్రీ నారసింహ!