పుట్ట కట్టిన ప్రాణులు - భూతయజ్ఞము

కార్తీక శుద్ధ చవితినాడు పుట్టలో పాలు పోయు ఆచారమును తెలుగువారు సముద్రము దాటి వచ్చునపుడు తమతో తెచ్చుకొనిరి. మలయా రబ్బరు తోటలలోను, బాగన్ డటో కొబ్బరి తోటలలోను పుట్ట కనబడినచోట పసుపు కుంకుమలు పెట్టి నాగేంద్రుని తలచిరి. పూజ నాగునికి, ఇల్లు కట్టినది మాత్రము చెదపురుగు. వాల్మీకి మహర్షిని కప్పినదియు, వేంకటాచలమున శ్రీనివాసునికి నీడనిచ్చినదియు ఈ పురుగు పేర్చిన మట్టియే.

చెదలన్నియు కొయ్య తినునవి కావు. మలేసియా వానయడవిలో మట్టినే తిని జీవించు జాతులు కలవు. కుళ్లిన ఆకు, వేరు కలిసిన మట్టిని తిని, అందలి కొద్ది సారమును గ్రహించి, మరల మట్టిగానే విడుచును. వాటి సొరంగముల గుండ వాననీరు లోనికి ఇంకును. ఒడలు మెత్తన, చర్మము పలుచన, తిండి నిస్సారము. కష్టకాలమునకు దాచుకొనునంత బలము వాటికి లేదు. అడవి నరికి నేలకు ఎండ తగులనిచ్చినచో ముందుగా తరిగిపోవునవి ఇవియే. అడవి తీసి ఆయిల్ పామ్ నాటినచోట ఇవి మిక్కిలి అరుదు. మిగులునవి ఎక్కువగా కొయ్య తినునవి. అందొక జాతి బ్రతికియున్న రబ్బరు చెట్టును సైతము తొలుచును. చెద అనగానే తోటవారు మందు డబ్బా కొరకు వెదకుట దీనివలననే. ఒకని నేరమును వంశమునకంతకు అంటగట్టుట లోకరీతి!

2015-16 సంవత్సరములలో ఎల్ నినో వలన ఘోరమైన అనావృష్టి వచ్చినది. అప్పుడు సబా రాష్ట్రపు అడవిలో శాస్త్రజ్ఞులు కొన్ని మళ్లలో చెదలను తగ్గించి, కొన్నిటిలో విడిచి చూచిరి. విడిచిన మళ్లలో ఆ కరవునందే చెదలు పెరిగినవి. రాలిన ఆకు త్వరగా కుళ్లినది. నేలలో తడి ఎక్కువగా నిలిచినది. లేతమొక్కలు ఎక్కువ బ్రతికినవి. ఈ ఫలితము 2019లో ప్రకటింపబడినది.

మరి, ఆ అడవులను కొట్టి కాల్చినది కూలివారే కదా, పాపము వారిదా అని కొందరడుగుదురు. కాదు. ఆజ్ఞ దొరలది, కంగాణి మాట వినకున్న ఆనాటి కూలి లేదు. తొలినాళ్లలో గడ్డిపరక లేకుండ నేల గీకించినదియు, వానకు పైమన్ను కొట్టుకొనిపోయిన పిదప నేలను కప్పు తీగమొక్కలు వేయించినదియు ఆ దొరలే. స్వాతంత్ర్యము లేనివానిని కర్త యనుట ధర్మము కాదు. కాని ఆ కూలివారి మనుమలలో నేడు సొంత తోట గలవారున్నారు, ఆలయ కమిటీలలో కూర్చుండువారున్నారు. ఇప్పుడు ఆజ్ఞ వారిది.

గృహస్థునకు విధింపబడిన 5 మహాయజ్ఞములలో భూతయజ్ఞమొకటి. వండిన అన్నములో కొంత పక్షులకు, క్రిములకు నేలపై నుంచుటయే అది. తోట గలవానికి ఆ అన్నము ఏది? కూలిన మ్రానును కాల్చక విడుచుట, నరికిన మట్టలను వరుసల నడుమ పరచుట, వాగు ఒడ్డున అడవిని నిలుపుట. ఇవి ఖర్చులేని బలులు.

కొన్నిచోట్ల భక్తి మితిమీరి పుట్టకు సిమెంటు పూసి, రంగు వేసి, చుట్టును పలకలు పరచుచున్నారు. దేవునికి గుడి కట్టి, ఆ గుడి కట్టిన ప్రాణికి వాకిలి మూయుట ఏమి న్యాయము? రాబోవు చవితికి పాలు చెంచాడు చాలును. పుట్ట చుట్టు పది అడుగుల మేర ఆకులు ఊడ్వక విడువవలెను.