రాయబారం పద్యం యుద్ధం కోరుతుందా?

యుద్ధం వద్దని చెప్పే తెలుగు పాట ఏదంటే ఈ తరానికి 2015లో వచ్చిన ‘కంచె’ సినిమాకు సిరివెన్నెల రాసిన పాట తట్టవచ్చు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకాలు ఎవరికీ తట్టవు. నల్లమల అంచున ఉన్న బల్మూర్ మొదలు కోస్తా దాకా హార్మోనియం శ్రుతి మీద వాటిలోని కృష్ణ రాయబారం పద్యం ఎత్తుకుంటే, జనం వన్స్‌మోర్ కొట్టేది అందులోని వీరానికే. నా మటుకు అవి యుద్ధాన్ని ఆపడానికి పుట్టిన పద్యాలు. ఊళ్లన్నింటికీ తెలిసిన ‘జెండాపై కపిరాజు’ పద్యమే తీసుకుందాం. రథం మీది జెండా, తెల్లగుర్రాలు, దండం పట్టి రథం తోలే కృష్ణుడు, గాండీవం ఎత్తిన అర్జునుడు వరసగా కళ్లముందుకు వస్తారు. రాగం అక్కడే ఉప్పొంగుతుంది, చప్పట్లూ అక్కడే. కానీ పద్యం ఆగేది రథం మీద కాదు, సంధి మీద. యుద్ధం మొదలయ్యాక నువ్వు సంధి కోసం మొరపెట్టుకున్నా వినేవాడుండడని కురురాజు దుర్యోధనుడికి చెప్పడమే దాని పని. ముందున్న వర్ణనంతా ఆ చివరి మాటకు బలమిచ్చేదే. చావుల తర్వాత ఏడ్చే పాట కంటే, ఆపగలిగినవాడి ముందు, ఆపగలిగిన వేళ పలికిన మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలని నా వాదన.

బెదిరించి అడిగేది శాంతి ఎలా అవుతుందని అడగవచ్చు. అయిదూళ్లిచ్చినా చాలన్న పాండవుల పక్షం నుంచి వచ్చిన మాట అది. దక్కవలసిన రాజ్యం వదులుకోవడానికి సిద్ధపడ్డవాళ్లు రాబోయే నాశనాన్ని దాచకుండా చెబితే అది బెదిరింపు కన్నా హెచ్చరికకే దగ్గర. ఆ కృష్ణుడే తర్వాత గీత చెప్పి అర్జునుణ్ణి యుద్ధానికి లేపాడు కదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. దాన్ని తేలిగ్గా తోసేయలేం. అయితే గీత సంధి చెడిపోయాక, సేనలు ఎదురెదురుగా నిలిచాక వచ్చింది. గెలిచిన ధర్మరాజు బంధువుల చావుకు కుమిలి రాజ్యమే వద్దన్నాడని శాంతిపర్వం చెబుతుంది. గెలుపు మీద ఇంత అనుమానం పెట్టుకున్న కథను యుద్ధస్తోత్రంగా చదవడం అన్యాయం. వినేవాళ్లకు వీరమే ఎక్కితే పద్యం అర్థం అదే కదా అని కొందరంటారు. వినేవాళ్లకు ఆ హక్కుంది గానీ, పద్యం చివరి మాటను చెరిపేసే హక్కు లేదు.

అసలైన అభ్యంతరం భారతంలోనే ఉంది, అది గాంధారిది. ఆపగల శక్తి ఉండి కూడా ఉపేక్షించావని స్త్రీపర్వంలో ఆమె కృష్ణుణ్ణే నిలదీసి, యాదవకులం నశించాలని శపిస్తుంది. రాయబారం నడిపానని చెప్పుకొని ఆయన శాపం తప్పించుకోలేదు. అంటే శాంతి కోసం మాట్లాడినంత మాత్రాన బాధ్యత తీరిపోదని ఆ కావ్యమే ఒప్పుకుంటోంది. విరాటపర్వం నుంచి చివరిదాకా తెనిగించిన తిక్కన స్త్రీపర్వాన్ని వదిలిపెట్టలేదు. మన నాటక సమాజాలు మాత్రం తరచుగా రాయబారం దగ్గరే తెర దించేస్తాయి. నాటకం ఆడే రాత్రి ఇంకో అరగంట పొడిగించి గాంధారికీ పద్యాలివ్వాలి.