ఉమ్మడి తాళముచెవి

చి॥ ల॥ సౌ॥ అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ అపార్టుమెంటు యజమానుల సంఘమునకు నిన్ను కార్యదర్శిగా ఎన్నుకొన్నారని తమ్ముడు మొన్న రాత్రి ఫోనులో చెప్పినాడు. 36 ఇండ్లుండగా సభకు వచ్చినవారు పదకొండుమందియేననియు, పేరడిగిన వేళ ఎవరికి వారు తల వంచుకొని కూర్చుండగా నీవే ‘సరే, నేను చూచెదను’ అంటివనియు విని సంతోషించితిని. ఆ సంతోషముతోబాటు మనసులో ఒక బరువును కదలినది. బెజవాడలో మా 24 ఇండ్ల సముదాయమునకు తొమ్మిదేండ్లు ఆ పనియే చేసి, కొంత మంచిపేరును, అంతకు మించిన మనస్తాపమును మూటగట్టుకొని దిగినవాడను గనుక, నీతో చెప్పదగిన మాటలను చెప్పక ఊరకుండుట నాకు ధర్మముగా తోచలేదు.

సంఘము దేనిని కాపాడుటకు పుట్టినదో మొదట ఆలోచింపుము. బీరువాలోనున్న నీ ఇంటి దస్తావేజును తీసి మరల చదువుము. నీ ఫ్లాటు ఇన్ని చదరపు అడుగులనియు, దానితోబాటు నేలలో ఇన్ని చదరపు గజముల అవిభక్తమైన వాటా యనియు అందు వ్రాసియుండును. ఆ గజములు గేటు వద్దనున్నవో, జామచెట్టు క్రిందనున్నవో, సంపు మీదనున్నవో వ్రేలుపెట్టి చూపగలవారెవరును లేరు. అపార్టుమెంట్ల కొరకు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రమున 1987లో చేసిన చట్టము సయితము మెట్లు, లిఫ్టు, డాబా, నీటితొట్లు మొదలగువానిని ఏ ఒక్కరివియు గాక అందరివియునైన వస్తువులుగానే యెంచినది. మన పల్లెలలో చెరువును, చావడిని, పసుల బీడును ఊరంతయు ఏ విధముగ అనుభవించెడిదో, అయిదంతస్తుల మేడలో మెట్లును మోటారును ఆ విధముగనే అనుభవింపబడవలసినవి. అట్టి వానికి ఒకరు కాపలా యుండక తప్పదు. అయితే కాపలాయున్నవాడు నాళ్లు గడచినకొలది తనకు తెలియకుండగనే యజమాని యగుచుండును. నేను నీకు చెప్పదలచినది ఆ ప్రమాదమును గూర్చియే. దొంగతనము చేయువారు మన సంఘములలో అరుదు. కాపాడుచున్నామన్న పేరుతో సొంతము చేసికొనువారే పెక్కురు, వారిలో నేనొకడను.

నా లెక్కల పుస్తకమును నీవు చిన్నతనమున చూచియే యుందువు. నీలపు అట్టగల పొడుగాటి పుస్తకము. దేవుని అలమరలో, పంచాంగము ప్రక్కన ఉండెడిది. మోటారు వైండింగునకెంత, ట్యాంకరునకెంత, వాచ్‌మన్ జీతమెంత, జనరేటరు డీజిలునకెంత అని ప్రతి రాత్రియు భోజనమునకు ముందు కూర్చుండి వ్రాసెడివాడను. చీమలబారువంటి అక్షరములు, నాకే తెలిసిన సంక్షేపములు, అంచులలో పెన్సిలు గుర్తులు. తొమ్మిదవ ఏట రెండవ అంతస్తులోని యువకుడొకడు వచ్చి, ‘బాబాయిగారూ, ఆ పుస్తకమొక్కసారి ఇచ్చెదరా, రేపు సాయంత్రమునకు తిరిగి ఇచ్చెదను’ అని మర్యాదగనే యడిగెను. నా గుండెలో ఏదో ముల్లు గ్రుచ్చుకొన్నట్లయి, ‘నామీద నమ్మకము లేదా?’ అంటిని. అతడు మారు పలుకలేదు. చెప్పులు తొడుగుకొని మెట్లు దిగిపోయినాడు. తరువాత సభలకు రాలేదు. మూడు మాసములలో నాలుగైదిండ్లవారు మెయింటెనెన్సు చెల్లించుటలో జాగుచేయసాగిరి. తుదకు క్రొత్త సంఘము ఏర్పడి ఆ పుస్తకమును నలుగురి నడుమ విప్పినపుడు ఒక్క రూపాయి తప్పు కానరాలేదు గాని, నేను ప్రక్కన కూర్చుండి చదివి వినిపించనిదే ఒక్క పుటయు వారికి బోధపడలేదు. లెక్క సరిగా నున్నదనునది ఆ తొమ్మిదేండ్లును నాకొక్కనికే తెలిసిన సత్యముగా ఉండిపోయినది. ఆ యువకుడు అడిగినది తన వస్తువునే యని నాకు తోచుటకు చాలకాలము పట్టినది.

ఈ విషయమున మన పూర్వులు మనకంటె తెలివిగలవారు. కాంచీపురమునకు సమీపముననున్న ఉత్తరమేరూరు దేవాలయపు గోడలపై మొదటి పరాంతక చోళుని కాలమున, క్రీ.శ. 919లోను 921లోను, ఆ గ్రామసభవారు చెక్కించిన శాసనములు నేటికిని నిలిచియున్నవి. చెరువునకొక సంఘము, తోటలకొక సంఘము. పేర్లు వ్రాసిన చీట్లను కుండలో వేసి తీసి సభ్యులను నిర్ణయించు పద్ధతి అందు విస్తారముగ వివరింపబడినది. మునుపు సంఘమునందుండి లెక్క చూపనివాడు మరల సభ్యుడగుటకు తగడట. అతడేగాక, అతని దగ్గరి బంధువులును తగరట! ఆ కట్టుబాటులోని కాఠిన్యమును చూచి ఒకప్పుడు ఆశ్చర్యపడితిని. ఇప్పుడు పడుట లేదు. అయితే ఆ సభను పొగడునపుడు దాని కొరతను దాచుట న్యాయము కాదు: సొంత భూమియు, అందు కట్టుకొన్న ఇల్లును గలవాని పేరే ఆ కుండలోనికి ఎక్కెడిది. మిగిలినవారి మాట కుండ వెలుపలనే యుండిపోయినది. ఈ సంగతిని గుర్తుంచుకొనుము, ముందు మరల వచ్చును.

కావున అమ్మాయీ, ప్రతి నెల మొదటి వారమున ఆదాయవ్యయములను పెద్ద అక్షరములతో ఒక్క కాగితముపై వ్రాయించి లిఫ్టు ప్రక్కన అంటింపుము. సొమ్ము చెల్లింపనివారి పేర్లను మాత్రము ఆ కాగితముపై ఎక్కింపకుము. వారి యింటికి నీవే వెళ్లి, కుర్చీ వేసినచో కూర్చుండి, కాఫీ యిచ్చినచో త్రాగి, తరువాత అడుగుము. బ్యాంకులో ఇద్దరి సంతకములు లేనిదే సొమ్ము కదలకుండ చూడుము. క్రింది అంతస్తువారు ‘లిఫ్టు మేమెక్కము, మాకేల ఖర్చు’ అని ఏటేట వాదింతురు. తోట నీడలో కూర్చుండని అయిదవ అంతస్తువారును తోటమాలి జీతమునకు ఇచ్చుచున్నారని శాంతముగ చెప్పుము. వీధికుక్కల తగవును నీ గడపదాకా రాకపోదు. 2023లో వచ్చిన కేంద్రనియమములు వానికి తిండిపెట్టు చోటును వేళను ఏర్పరచు బాధ్యతను నివాసుల సంఘముపైననే యుంచినవి గనుక, కర్రతో తీరని దానిని కూర్చుండి మాటలాడి తీర్చుము.

నీటి సంగతి వేరు. మీ హైదరాబాదువారు నల్లా అందురు, మేము కొళాయి అందుము. పేరేదైనను, ఆ నీరు మీ సంపులోనికి వచ్చుట సామాన్యమైన విషయము కాదు. మంజీర చాలక, నాగార్జునసాగరమునుండి కృష్ణను, అదియు చాలక ఎల్లంపల్లినుండి గోదావరిని గొట్టములలో ఎన్నో ఆమడలు నడిపించి మీ నగరమునకు తెచ్చినారు. 2020 డిసెంబరు వాడకమునుండి ఇంటికి నెలకు 20,000 లీటర్ల వరకు రుసుము లేదన్నారు. అంత దూరమునుండి వచ్చిన నీటికొరకు మూడవ అంతస్తువారును నాల్గవ అంతస్తువారును పలుకరించుకొనుట మానుట ఎంత విచారకరము! ఆ తగవులకు మందు డాబాపైననే కలదు. అచట పడు వాన నీటిని ఇంకించు గుంత చాల అపార్టుమెంట్లలో ఏదో యొక మూల ఉండును. 2002 నాటి ‘వాల్టా’ చట్టము వచ్చిన పిదప అది లేనిదే అనుమతి రాదని భయపడి కట్టినవారు, అనుమతి వచ్చిన మరునాడే దానిని మరచినారు. నీవు పోయి మూత తీయించి చూడుము. అడుగున పెద్దరాళ్లు, నడుమ కంకర, పైన దొడ్డు ఇసుక. ఆ ఇసుకపై డాబానుండి కొట్టుకొనివచ్చిన దుమ్మును ఆకులును పేరుకొని, చపాతీపిండివంటి జిగురు పొర కట్టియుండును. ఆ పొర యున్నంతకాలము చుక్కయైన క్రిందికి దిగదు. నీరంతయు వీధిలోనికి పొర్లిపోవును. మృగశిర కార్తెకు ముందే పై జానెడు ఇసుకను ఎత్తించి, కడిగించి, ఎండబెట్టి మరల పోయింపుము. ఇద్దరు కూలీలకు ఒక్కదినపు పని. గొట్టము మొదట జల్లెడ కట్టింపుము. మీ బోరు ఏ వేసవిలో ఎంత నిలుచునో నేను చెప్పజాలను గాని, ఈ పని చేయని యింటి బోరుకంటె నాలుగునాళ్లు ఎక్కువ నిలుచుననుట మా అనుభవము.

ఇక కుండ వెలుపలి వారి మాట. మీ 36 ఇండ్లలో అద్దెకున్నవారెందరో నీకు తెలియును. మెయింటెనెన్సు చాలచోట్ల వారే చెల్లించెదరు; సభలో వారికి వోటుండదు. నియమమును నీవొక్కతెవు మార్చలేవు గాని, సభకు రమ్మని పిలిచి వారి కష్టము చెప్పనిచ్చుటకు ఏ నియమమును అడ్డురాదు. పెండ్లికాని పిల్లలకు ఇల్లీయరాదనియు, ఫలానా మతమువారికీయరాదనియు, మాంసము వండువారికీయరాదనియు తీర్మానములు తెత్తురు. అట్టివానిపై నీ సంతకము పెట్టకుము. వాచ్‌మన్ కాపురముండు మెట్లక్రింది గదిలో దీపము వెలుగుచున్నదో లేదో, పంకా తిరుగుచున్నదో లేదో నీ కంటితో నీవే చూడుము. ‘పనివారు లిఫ్టు వాడరాదు’ అను బోర్డు మా సముదాయమున నా హయాములోనే ఎక్కినది. తీర్మానము క్రింద నా సంతకమే కలదు. నాల్గవ అంతస్తులోని వృద్ధదంపతులకు వంటచేయుటకు వచ్చెడి ఆమె, ఆ దంపతులు నెలనెల లిఫ్టునకు సొమ్ము కట్టుచుండగా, తాను మాత్రము మోకాలిపై చేయి వేసికొని, మలుపు మలుపునకు నిలుచుచు, మెట్లెక్కి పోయెడిది. ఎదురుపడినపుడు నన్ను చూచి ప్రక్కకు ఒదిగి దారి యిచ్చెడిది. నా తరువాతివారు ఆ బోర్డును తీయించిరి. గోడపై నాలుగు మేకుల గుర్తులు నేటికిని కలవు. లిఫ్టుకొరకు నిలుచున్నంతసేపు నా కండ్లు వానిమీదనే యుండును.

డాబా తాళముచెవిని గూర్చి వ్రాసి ముగింతును. పిల్లలు పిట్టగోడ యెక్కుదురని, ఎవరో సిగరెట్టు పీకలు పారవేసిరని, తాళము వేసి చెవిని నా మొలత్రాటి గుత్తిలో కట్టుకొంటిని. బట్టలారవేయవలెనన్నను, ఎండలో కారము పోయవలెనన్నను, కార్తికమున దీపము పెట్టవలెనన్నను మా తలుపు తట్టవలసివచ్చెడిది. ఇప్పుడు పిట్టగోడపై ఇనుప కమ్మీలు వేయించినారు, తలుపు ఉదయమునుండి దీపాలవేళ వరకు తెరచియే యుండును. ఈ పూట పైకి పోగా, ఎవరో రెండు పాతచీరలనిండ గుమ్మడి వడియములు పెట్టిపోయినారు. ఏ యింటివారివో తెలియదు. కాకులు వాలకుండ మీ పెద్దమ్మ నా నల్లగొడుగును తెరచి, ఇటుకరాయి అదిమి, వాని నడుమ నిలిపివచ్చినది.

ఇట్లు,
ఆశీస్సులతో,
నీ పెదనాన్న